పెట్టె కట్టే ముందు అడగవలసిన ప్రశ్న

(ప్రయోగశాల సిబ్బంది శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందుగా నా చేతిలో ఉన్నది చూడండి. వెనుక వరుసలో ఉన్నవారికి కనిపిస్తోందా? రక్తం తీసే ట్యూబు. ఊదారంగు మూత. మీలో చాలామంది ఇలాంటివి రోజూ వందల కొద్దీ చూస్తారు. చూసి చూసి అలవాటైపోయి, ఇక చూడడమే మానేస్తారు. ఈ పూట మాత్రం దీన్ని కాసేపు నిలబడి చూద్దాం.

ఇది ఇక్కడి నుంచి దూరంగా ఉన్న మరో ప్రయోగశాలకు వెళ్లాలి. దారిలో ఎన్ని చేతులు మారుతుంది? లెక్కపెట్టండి. మీ దగ్గర తీసుకునే కొరియర్ మనిషి. వ్యాను డ్రైవరు. పార్సెళ్లు వేరుచేసేవారు. విమానంలోకి ఎక్కించేవారు, దించేవారు. మళ్లీ ఇంకో డ్రైవరు. చివరికి అక్కడ పెట్టె విప్పే అమ్మాయి. వీరిలో రోగిని చూసినవారు ఎవరైనా ఉన్నారా? ఒక్కరూ లేరు. ట్యూబులో ఏముందో తెలిసినవారు, కనీసం తెలుసుకోగలిగినవారు ఇంతమందిలో ఒక్కరే. ఆ ఒక్కరు మీరు. మిగిలినవారంతా పెట్టె మీద మీరు రాసినదాన్ని నమ్మి దాని మీద చెయ్యి వేస్తారు.

ఈ సంగతి నాకు ఎలా ఒంటబట్టిందో చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాది నమూనాలు అందుకునే పని. ఒక ఉదయం ఒక అట్టపెట్టె వచ్చింది. ఒక మూల రంగు మారి ఉంది. వేలితో నొక్కితే అట్ట మెత్తగా లోపలికి పోయింది. పైన ‘రక్త నమూనా, అత్యవసరం’ అని రాసి ఉంది. విప్పి చూస్తే రక్తం కాదు, కఫం. మూత మరలు ఒక పక్కకు ఎక్కాయి, అంటే మూత పెట్టినట్టే కనిపిస్తుంది, కానీ బిగియలేదు. దాని మీద రబ్బరు బ్యాండు వేశారు. చుట్టూ చిటికెడు దూది. ఆ దూది ఎప్పుడో తడిసిపోయింది. పెట్టె తెచ్చిన కుర్రవాడు దాన్ని పొట్టకు ఆనించుకుని మోటారు సైకిలు మీద వచ్చాడు. అతని చొక్కా మీద తడి మచ్చ ఉంది. చేతులు కడుక్కోమని, చొక్కా మార్చుకోమని చెప్పాను. అతను నా వైపు చూసి, ‘అందులో ఏముందండీ?’ అని అడిగాడు.

నేనేం చెప్పగలను? పెట్టె మీద ఉన్నది అబద్ధం. లోపల కాగితం లేదు. పంపినవారికి ఫోను చేద్దామంటే నంబరు లేదు. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ కుర్రవాడికి నేను ఏ జవాబూ చెప్పలేకపోయాను. ఆ ఫలితంలో భయపడాల్సినదేమీ రాలేదు, అది అదృష్టం. కానీ అతను అడిగిన ప్రశ్న నన్ను వదలలేదు. అందులో ఏముందండీ? వర్గీకరణ అని మనం పెద్ద మాట వాడతాం గానీ, ఆ ప్రశ్నకు ముందుగానే జవాబు చెప్పి ఉంచడమే వర్గీకరణ.

ఇక నిబంధనల్లోకి వద్దాం. ప్రమాదకర సరుకుల రవాణాకు ఐక్యరాజ్యసమితి మాదిరి నియమావళి ఒకటి ఉంది. విమానయానానికి, రోడ్డుకు, ఓడలకు ఉన్న నియమాలన్నీ దాని మీదే నిలబడ్డాయి. అందులో సరుకులు 9 తరగతులు. పేలుడు పదార్థాలు ఒకటో తరగతి, మండే ద్రవాలు మూడోది, ఇలా. మనది ఆరో తరగతిలో రెండో విభాగం, 6.2. సాంక్రమిక పదార్థాలు, అంటే రోగం అంటించగలవని తెలిసినవి, లేదా అలా అనుకోవడానికి ఆధారం ఉన్నవి.

పాతకాలపు వారికి ఒక సంగతి గుర్తుండాలి. 2005కు ముందు మనం సూక్ష్మజీవుల ముప్పు స్థాయిలను, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని, రవాణాకు కూడా వాడేవాళ్లం. తర్వాత దాన్ని తీసేసి కేటగిరీ ఏ, కేటగిరీ బి తెచ్చారు. ఎందుకు? ముప్పు స్థాయి ప్రయోగశాలలో పనిచేసేవారి కోసం ఏర్పడిన లెక్క. మనం అక్కడ ట్యూబు తెరుస్తాం, సూక్ష్మజీవుల కల్చర్ పెంచుతాం, సెంట్రిఫ్యూజ్‌లో ట్యూబులను గిరగిరా తిప్పుతాం, తుంపరలు లేస్తాయి. వ్యానులో ఇవేవీ జరగవు. వ్యానులో జరిగేది ఒక్కటే. పెట్టె పడుతుంది, పగులుతుంది, కారుతుంది. కాబట్టి రవాణాలో అడగవలసిన ప్రశ్న వేరు. ఇది కారితే, ఎదురుపడిన మనిషికి ఏమవుతుంది?

కేటగిరీ ఏ నిర్వచనాన్ని నెమ్మదిగా చదువుతాను, ఒక్కొక్క మాటకూ బరువుంది. ‘రవాణా అవుతున్న రూపంలో, ఎవరైనా దానికి గురైతే, అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్న మనుషులకు గాని జంతువులకు గాని శాశ్వత వైకల్యాన్ని, ప్రాణాపాయాన్ని, లేదా మరణాన్ని కలిగించగల సాంక్రమిక పదార్థం.’ మనుషులకు సోకేదైతే, జంతువులకు కూడా సోకినా సరే, యూఎన్ 2814, అంటే ఐక్యరాజ్యసమితి ఆ రకం సరుకుకు ఇచ్చిన గుర్తింపు సంఖ్య. జంతువులకు మాత్రమే సోకేదైతే యూఎన్ 2900. ఇందులో అందరూ జారవిడిచే మాట ఏది? ‘రవాణా అవుతున్న రూపంలో’ అన్న మాట. మళ్లీ చెబుతాను. రవాణా అవుతున్న రూపంలో.

క్షయను తీసుకోండి. క్షయ ఉందేమోనన్న అనుమానంతో రోగి కఫాన్ని పరీక్షకు పంపుతున్నారు. అది కేటగిరీ బి. అదే కఫం నుంచి ప్రయోగశాలలో బాక్టీరియాను పెంచి, ఆ కల్చర్‌ను మందులకు లొంగుతుందో లేదో చూడడానికి ఇంకో చోటికి పంపుతున్నారు. ఇప్పుడది కేటగిరీ ఏ. రోగి అతనే. బాక్టీరియా అదే. వ్యాధి పేరూ అదే. మారినది రూపం. కల్చర్ అంటే మనం కావాలని, ఎరువు వేసి మరీ పండించిన పంట. కొద్ది చోట లెక్కలేనన్ని బతికున్న సూక్ష్మజీవులు. డెంగీ వైరస్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, రేబీస్, పోలియో, ఆంత్రాక్స్, ప్లేగు బాక్టీరియా, వీటన్నిటి పక్కనా నియమావళి జాబితాలో ‘కల్చర్లు మాత్రమే’ అని ఉంటుంది. కాబట్టి డెంగీ రోగి రక్తం కేటగిరీ బి, డెంగీ వైరస్ కల్చర్ కేటగిరీ ఏ.

మరి ఎబోలా పక్కన ఆ మాట ఉందా? లేదు. మార్బర్గ్, లస్సా, నిపా, క్రిమియన్ కాంగో రక్తస్రావ జ్వరం, క్యాసనూర్ అటవీ వ్యాధి, ఈ వైరస్ వ్యాధుల పక్కన కూడా లేదు. అంటే రోగి నుంచి తీసిన రక్తం బొట్టు అయినా, స్వాబ్ అయినా, అది నేరుగా కేటగిరీ ఏ. ఇలాంటి రోగులను చూసే అవకాశం మనకు లేదులే అనుకోకండి. నిపా అని ఎవరి నుదుటి మీదా రాసి ఉండదు. జ్వరం, తలనొప్పి, స్పృహ తప్పడం అని రాసి ఉంటుంది.

ఇంకొక మాట. ఆ జాబితా ఉదాహరణల జాబితా మాత్రమే. అందులో పేరు లేదు కాబట్టి ప్రమాదం లేదని అనుకోకూడదు. కొత్త వైరస్‌కు జాబితాలో పేరు ఎక్కడి నుంచి వస్తుంది? కొత్తదైనా, అంతుబట్టనిదైనా, నిర్వచనానికి సరిపోతుందేమో అన్న అనుమానం ఉంటే కేటగిరీ ఏ కింద పంపాలన్నది నియమం. పేరు తెలియనప్పుడు ‘కేటగిరీ ఏ అని అనుమానిస్తున్న సాంక్రమిక పదార్థం’ అని కాగితం మీద రాసే వీలు కూడా ఇచ్చారు. పేరు తెలిసేదాకా ఆగనక్కర్లేదు.

కేటగిరీ బి గురించి ఎక్కువ చెప్పను. సాంక్రమికమే, కానీ కేటగిరీ ఏ నిర్వచనం కిందికి రాదు. యూఎన్ 3373. మీరు పంపేవాటిలో ఎక్కువ భాగం ఇదే. కోవిడ్ రోజుల్లో ప్రపంచమంతా తిరిగిన రోగుల స్వాబ్‌లు ఈ నంబరు మీదే తిరిగాయి.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వచ్చాం. ఏ, బి రెండు గదులనుకుంటే, ఇది మూడో గది. మినహాయింపు పొందిన నమూనాలు. రోగకారకాలు ఉండే అవకాశం అతి తక్కువగా ఉన్న మానవ, జంతు నమూనాలు ఇందులోకి వస్తాయి. దీనికి నియమావళి ఇచ్చిన కొలబద్ద ఏమిటి? వృత్తి అనుభవంతో కూడిన అంచనా. రోగి పూర్వ చరిత్ర, లక్షణాలు, అతను ఉన్న ప్రాంతంలో ఏ వ్యాధులు తిరుగుతున్నాయి, ఇవన్నీ చూసి నిర్ణయించమంది. అంటే ఎవరో ఒకరు ఆలోచించాలి. ఇక్కడే మనం ఆలోచించడం మానేసి పరీక్ష పేరు చూస్తున్నాం. కొలెస్ట్రాల్ పరీక్షా? మినహాయింపు. గర్భ నిర్ధారణా? మినహాయింపు. షుగరా? మినహాయింపు.

ఆగండి. కొలెస్ట్రాల్ పరీక్షకు రక్తం ఇచ్చిన మనిషికి హెపటైటిస్ బి ఉందని కేసు కాగితంలో రాసి ఉంది. ఇప్పుడు ఆ ట్యూబు ఏ గదిలోకి వెళ్తుంది? చెప్పండి. అవును, బి. మీరు వెతుకుతున్నది కొలెస్ట్రాల్‌ను కావచ్చు. ట్యూబులో వైరస్ ఉందా లేదా అన్నది మీరు దేన్ని వెతుకుతున్నారన్నదాన్ని బట్టి ఉండదు. మీరు వెతకనంత మాత్రాన అది ట్యూబులోంచి లేచిపోదు. అందుకే నేను ఎక్కడికి వెళ్లినా ఇదే అడుగుతాను. నమూనా కట్టే మనిషి చేతికి కేసు కాగితం అందుతోందా? చాలా చోట్ల అందదు. ట్యూబు, బార్‌కోడు, పరీక్ష పేరు, ఇవే అందుతాయి. ఆ మనిషి అంచనా వేయాలంటే దేన్ని చూసి వేస్తారు? దయచేసి మీ విభాగంలో ఈ ఒక్కటి సరిచేయండి. నమూనాతో వచ్చే పత్రంలో రోగ లక్షణాలకు, తెలిసిన ఇన్ఫెక్షన్లకు రెండు గళ్లు పెట్టించండి. అవి ఖాళీగా వస్తే వెనక్కి పంపండి. మొదట్లో వైద్యులు విసుక్కుంటారు. తర్వాత రాస్తారు.

అసలు ఈ నియమాల పరిధిలోకే రానివి కూడా ఉన్నాయి. వడపోత కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్కలు, మార్పిడికి వెళ్లే అవయవాలు, ఎక్కించడానికి సేకరించిన రక్తం, ఇలాంటివి. ఇక రోగకారకాలను పూర్తిగా నిర్వీర్యం చేసిన పదార్థం కూడా పరిధి బయటిదే. ఇక్కడ మాత్రం ఒక్క నిమిషం ఆగాలి.

2015 మే నెలలో అమెరికాలో ఒక సంగతి బయటపడింది. యూటా రాష్ట్రంలో డగ్వే అన్న చోట ఉన్న సైనిక పరిశోధన కేంద్రం గామా కిరణాలతో చంపామనుకున్న ఆంత్రాక్స్ బీజాలను ఏళ్ల తరబడి ఇతర ప్రయోగశాలలకు పంపుతూ వచ్చింది. చచ్చినవే కదా అని మామూలు సరుకులా పంపింది. ఒక ప్రయోగశాలలో వాటిని పెంచి చూస్తే పెరిగాయి. బతికే ఉన్నాయి. తీగ లాగితే డొంక కదిలినట్టు, ఆ పార్సెళ్లు అమెరికా అంతటా, ఇతర దేశాలకు కూడా వెళ్లాయని తేలింది. ఎవరికీ జబ్బు చేయలేదు. కానీ ఎన్ని చేతులు మారి ఉంటాయో ఆలోచించండి. ఆంత్రాక్స్ బీజం సామాన్యమైనది కాదు, గట్టి పెంకు కట్టుకుని ఏళ్లకు ఏళ్లు నిద్రపోగలదు. అక్కడున్నవారు చదువు లేనివారా? కాదు. కిరణాలు పెట్టాం కాబట్టి చచ్చిపోయి ఉంటాయని నమ్మారు. చచ్చాయని చూపించే పరీక్ష ఆ నమ్మకానికి తగినంత గట్టిగా లేదు. కాబట్టి ఎవరైనా మీకు ‘ఇది నిర్వీర్యం చేసినది, మామూలుగా పంపేయండి’ అని ట్యూబు ఇస్తే, ఏ పద్ధతిలో చేశారు, అది పనిచేసిందని ఏ పరీక్షతో చూశారు అని అడగండి. అడగడం మర్యాద తక్కువ పని కాదు. ఆ జవాబు కాగితం మీద ఉండాలి.

జన్యుమార్పిడి చేసిన సూక్ష్మజీవులు సాంక్రమికం కాకపోతే తొమ్మిదో తరగతి, యూఎన్ 3245. ఆసుపత్రి వ్యర్థాలది వేరే కథ, ఈ రోజు దాని జోలికి వెళ్లడం లేదు.

సరే, గది తేలింది. ఇప్పుడు పెట్టె. ఏ కేటగిరీ అయినా మూడు పొరలు. లోపలి పాత్ర, అంటే ట్యూబు. రెండో పాత్ర, కారనిది. బయటి పెట్టె. ద్రవమైతే మొదటి రెంటి మధ్య పీల్చుకునే పదార్థం. ఎంత పెట్టాలి? మొత్తం ద్రవాన్ని పీల్చుకునేంత. చిటికెడు దూది కాదు. మీ దగ్గర వాడే పీల్చుడు కాగితం మీద ఈ రోజే ఒక పరీక్ష చేయండి. మీరు పంపే ట్యూబులన్నిటిలో ఎంత ద్రవం ఉంటుందో అంత నీళ్లు కొలిచి దాని మీద పోయండి. ఎత్తి పిండకుండా పట్టుకోండి. చుక్క రాలితే చాలదన్నమాట. నేను చాలా చోట్ల ఇది చేయించాను. మొదటిసారి సరిపోయిన చోట్లు తక్కువ.

లోపలి పాత్రగాని రెండో పాత్రగాని 95 కిలోపాస్కల్‌ల ఒత్తిడికి కారకుండా నిలబడాలి. ఈ అంకె ఎందుకు పెట్టారు? నేల మీద గాలి ఒత్తిడి దాదాపు 101. విమానం పైకి వెళ్లేకొద్దీ బయట ఒత్తిడి పడిపోతుంది, మీ ట్యూబులోని గాలి మాత్రం నేల మీద గాలే. అది బయటికి తోస్తుంది. ఒక పక్కకు ఎక్కిన మూత అక్కడ దొరికిపోతుంది. అందుకే మూత పెట్టాక ట్యూబును కంటి ఎత్తుకు తెచ్చి చూడండి. మూత అంచు, ట్యూబు అంచు సమంగా ఉన్నాయా? ఒక పక్క సన్నని వెలుతురు కనిపిస్తోందా? కనిపిస్తే విప్పి మళ్లీ పెట్టండి. రెండు సెకన్ల పని. నాకు పెట్టె తెచ్చిన ఆ కుర్రవాడి చొక్కా తడిసింది ఈ రెండు సెకన్ల పని జరగకే.

కేటగిరీ బి పెట్టె 1.2 మీటర్ల ఎత్తు నుంచి పడినా నిలబడాలి, అంటే దాదాపు మనిషి ఛాతీ ఎత్తు. చేతిలోంచి జారితే పడే ఎత్తు. కేటగిరీ ఏ పెట్టెను 9 మీటర్ల నుంచి పడేసి పరీక్షిస్తారు. మూడో అంతస్తు కిటికీ అనుకోండి. ఆ పరీక్షలు నెగ్గిన పెట్టెకు ఐక్యరాజ్యసమితి గుర్తు ముద్రించి ఉంటుంది. దాన్ని మీరు ఇంట్లో తయారుచేయలేరు. పైగా ఆ పెట్టెలోని భాగాలను మార్చి వేరేవి పెడితే ఆ పరీక్షకు అర్థం ఉండదు. విమానంలో కేటగిరీ బి అయితే ఒక్కో లోపలి పాత్రలో ఒక లీటరు, పెట్టె మొత్తానికి 4 లీటర్లు మించకూడదు. కేటగిరీ ఏ అయితే ప్రయాణికుల విమానంలో 50 మిల్లీలీటర్లే, సరుకుల విమానంలో 4 లీటర్లు. ఇక కేటగిరీ ఏ అయినా, బి అయినా సరే, చేతిసంచిలో, జేబులో, సూట్‌కేసులో పెట్టుకుని విమానం ఎక్కడం నిషిద్ధం. ‘నేనే పట్టుకెళ్లి ఇచ్చేస్తాను, భద్రంగా ఉంటుంది’ అని అనేవారు ప్రతి సంస్థలోనూ ఒకరుంటారు. వారి ప్రేమను గౌరవిస్తూనే వద్దని చెప్పండి.

నమూనా ఒక్కటే ప్రమాదం కాదు, దానితో వెళ్లేవి కూడా ప్రమాదమే. డ్రై ఐస్, అంటే గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్, యూఎన్ 1845, తొమ్మిదో తరగతి. ఒక కిలో డ్రై ఐస్ ఆవిరైతే 500 లీటర్లకు పైగా వాయువు వస్తుంది. దాన్ని గాలి చొరని పాత్రలో పెట్టి మూత బిగిస్తే ఏమవుతుంది? పేలుతుంది. డ్రై ఐస్ ఎప్పుడూ రెండో పాత్రకు బయట, వాయువు బయటికి పోయే పెట్టెలోనే ఉండాలి. థర్మోకోల్ మూత చుట్టూ టేపు సందు లేకుండా చుట్టేసే అలవాటు ఉన్నవారు ఈ రోజుతో మానండి. ఎన్ని కిలోలు పెట్టారో పెట్టె మీద రాయాలి. ఇంకోటి, డ్రై ఐస్ ఆవిరైపోయాక అది ఉన్న చోటు ఖాళీ అవుతుంది, రెండో పాత్ర లోపల దొర్లుతుంది. దాన్ని కదలకుండా పట్టే ఆధారం ముందే పెట్టాలి. కుళ్లకుండా ఫార్మలిన్, ఆల్కహాల్ లాంటి ద్రవాల్లో పెట్టిన కణజాలానిదీ ఇదే సంగతి, సూక్ష్మజీవి చచ్చినా ద్రవానికి దాని తరగతి దానికుంటుంది. గాఢత ఎంత, పరిమాణం ఎంత అన్నది రాసిపెట్టుకోండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. భయంతో పై గదిలో వేయడం జాగ్రత్త అనిపించుకోదు. ‘ఎందుకొచ్చిన గొడవ, కేటగిరీ ఏ అని రాసేద్దాం’ అనే మాట నేను చాలాసార్లు విన్నాను. ఏ అని రాసిన క్షణం నుంచి ఆ పెట్టెను అన్ని విమానాలూ ఎక్కించుకోవు. శిక్షణ పొందిన మనిషి సంతకంతో ప్రకటన పత్రం కావాలి. కేటగిరీ బికి ఆ పత్రం అక్కర్లేదు. ఒకసారి మామూలు జ్వరం నమూనాలకు ఎవరో ‘కేటగిరీ ఏ’ అని లేబుల్ వేశారు. అవి గిడ్డంగిలో ఆగిపోయాయి. మా దగ్గరికి వచ్చేసరికి మంచు కరిగిపోయి, రక్తం చెడిపోయి ఉంది. మళ్లీ రక్తం ఇవ్వమని అడగవలసి వచ్చింది. అందులో చిన్న పిల్లలవి కూడా ఉన్నాయి. పిల్లవాడి చేతికి రెండోసారి సూది గుచ్చవలసి రావడం మీకు చిన్న విషయంలా కనిపిస్తుందా? నాకు కనిపించదు. తక్కువ చేసి రాస్తే దారిలో ఉన్నవారికి అన్యాయం, ఎక్కువ చేసి రాస్తే రోగికి అన్యాయం.

దేశాల మధ్య పంపేటప్పుడు ఎగుమతి, దిగుమతి అనుమతులు వేరు. వర్గీకరణ సరిగా ఉన్నంత మాత్రాన అవి వచ్చేయవు. పెట్టె కట్టక ముందే అందుకునేవారితో మాట్లాడి తెప్పించుకోండి.

చివరగా, ఫోను నంబరు. బాధ్యత గల మనిషి పేరు, నంబరు పెట్టె మీద గాని రవాణా పత్రం మీద గాని ఉండాలని నియమం. చాలామంది కార్యాలయం నంబరు రాస్తారు. సాయంత్రం ఐదు తర్వాత అది మోగుతూనే ఉంటుంది. పెట్టె కారేది రాత్రి రెండింటికి అయితే? ఫోను ఎత్తే మనిషి నంబరు రాయండి. ఎత్తినవారికి ఆ పెట్టెలో ఏముందో తెలిసి ఉండాలి.

మీ బల్లల మీద ఒక్కొక్క పెట్టె పెట్టాం. లోపల ట్యూబుల్లో రంగునీళ్లే ఉన్నాయి. పక్కన కేసు కాగితం ఉంది. ముందు కాగితం చదవండి. గది తేల్చుకున్నాకే పెట్టె ముట్టుకోండి. నేను ఒక్కొక్క బల్ల దగ్గరికీ వస్తాను. వచ్చి, ఆ కుర్రవాడు నన్ను అడిగినదే మిమ్మల్ని అడుగుతాను.